పెద్దమ్మ నిద్రపోయింది

ఆ రోజు పొద్దున రాహేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవగానే పెద్దమ్మకు చీర కుచ్చిళ్ళు సర్దాలి, తల దువ్వి ముడి వేయాలి, పెట్టెలో పడుకోబెట్టాలి, పదకొండు లోపల యూనివర్సిటీకి చేర్చాలి. వినేవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. పెద్దమ్మ అంటే రెండున్నర అడుగుల బొమ్మ. ఈ ముక్క రాహేలు ఆ పొద్దున నలుగురికీ విడమర్చి చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పాతకాలంలో మిషన్ దొరసానులు ఓడల్లో తెచ్చుకున్న బొమ్మల తరహాలో చేసింది దాన్ని. కాగితాలు నానబెట్టి రుబ్బి, మెంతిపిండీ సుద్దా కలిపి తల చేసింది. ఒంట్లో బూరుగు దూది కూరింది. జాకెట్టు చేతుల లేసును టీ డికాక్షన్‌లో ముంచి నూరేళ్ళనాటి రంగు తెప్పించింది. అన్నిటికన్నా గొప్పవి కళ్ళు. వాటి వెనక తీగకు సీసపు గుండు ఒకటి వేలాడుతుంది కాబట్టి, బొమ్మను నిలబెడితే కళ్ళు తెరుస్తుంది, పడుకోబెడితే మూస్తుంది. దొరసాని బొమ్మే చేద్దామని కూర్చుంది గానీ, ముక్కు పూర్తయ్యేసరికి అది వాళ్ళ పెద్దమ్మ ముక్కయింది. ముక్కు వచ్చాక గడ్డం ఊరుకుంటుందా, అదీ వచ్చింది. ఇక చేసేది లేక తెల్లచీరా, పొడుగు చేతుల జాకెట్టూ తొడిగి, మొగుడూ పెళ్ళాలిద్దరూ దాన్ని పెద్దమ్మ అనే పిలవడం మొదలుపెట్టారు.

అసలు పెద్దమ్మ, మార్తమ్మగారు, మల్కాజ్‌గిరిలో నిక్షేపంలా ఉన్నారు. గుంటూరు వైపు స్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తల్లి లేని రాహేలును పెంచింది ఆవిడే. రాహేలు ఐదో తరగతిలో ఉండగా ముచ్చటపడి గుడ్డబొమ్మ ఒకటి కుట్టుకుంటే, "విగ్రహాలు చేయకూడదని పది ఆజ్ఞల్లో ఉందా లేదా?" అని అడిగి, దాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టారు. ఆ పొయ్యి రాహేలు మనసులో ఇప్పటికీ మండుతూనే ఉంది. అందుకే మార్తమ్మగారు తార్నాక వచ్చే ఆదివారాల్లో ఇంట్లోని బొమ్మలన్నీ మంచం కిందికి వెళ్ళిపోయేవి. ఇప్పుడేమో ఏకంగా పెద్దమ్మ విగ్రహాన్నే చేసి కూర్చుంది. తెలిస్తే ఏమంటారో ఊహించుకోవడానికి కూడా ఆ పిల్లకు ధైర్యం చాలలేదు.

అంత భయమున్నది ఎందుకు చేసిందంటే, దానికో కారణం ఉంది. రాహేలు పుట్టింటి వైపు ఎటు చూసినా టీచర్లే. ఈవిడ ఒక్కతే లెక్కల్లో తప్పి, ట్రైనింగ్ దొరక్క, మార్తమ్మగారి పిల్లగా పెరిగి సుందరరావుగారి భార్యగా మిగిలిపోయింది. యూనివర్సిటీలో గృహవిజ్ఞాన విభాగం అధిపతి నిరోష మేడం, పాతకాలపు బొమ్మల ప్రదర్శన పెడుతూ రాహేలుతో ఒక మాట అన్నది. "పదకొండింటికి కమిటీ వస్తది. మీ బొమ్మ వాళ్ళకు నచ్చిందనుకోండి, మా పిల్లలకు క్రాఫ్ట్ టీచర్‌గ మిమ్మల్నే తీస్కుంటం." టీచరన్న ఆ ఒక్కమాట కోసం రాహేలు కొన్ని నెలలుగా కాగితాలు రుబ్బుతోంది.

సుందరరావు యూనివర్సిటీ పరీక్షల సెక్షన్‌లో గుమాస్తా. బొమ్మకు అద్దం మూత పెట్టె చేయమని సీతాఫల్‌మండి వడ్రంగికి చెప్పి ఉంచారు. అది తేవడానికి ఆఫీసులో పర్మిషన్ పెట్టి, ఆయన పొద్దున్నే ఉప్మా తిని బయల్దేరాడు. ఆయన అటు వెళ్ళగానే రాహేలు బొమ్మను లేపి నిలబెట్టింది. పెద్దమ్మ కళ్ళు తెరవలేదు.

అటు ఊపింది, ఇటు ఊపింది. తలకిందులు చేసి మళ్ళీ నిలబెట్టింది. కళ్ళు తెరిస్తే ఒట్టు. అంతకుముందు సాయంత్రం మొహానికి పూసిన వార్నీష్ వాన ముసురుకు ఆరక, పడుకోబెట్టిన బొమ్మ రెప్పల్లోకి జారి, తెల్లారేసరికి గట్టిపడి కూర్చుంది. స్పిరిట్‌లో దూది ముంచి రుద్దితే వార్నీష్ కరుగుతుందని తెలుసు గానీ, ఇంట్లో స్పిరిట్ చుక్క లేదు. పరుగెత్తుకుంటూ వీధి చివర టెలిఫోన్ బూత్‌కు వెళ్ళి మొగుడి ఆఫీసుకు ఫోన్ చేసింది. ఫోనెత్తింది అటెండరు బిక్షం.

"బిక్షం, సార్ వచ్చారా?"

"రాలేదమ్మా. పెట్టె కోసమని సీతాఫల్‌మండి దిక్కు పోయిండు."

"రాగానే చెప్పు. పెద్దమ్మ నిద్రపోయింది. ఎంత లేపినా కళ్ళు తెరవడం లేదు. స్పిరిటూ, దూదీ పట్టుకుని వెంటనే రమ్మను. పెట్టె కూడా నేరుగా ఇంటికే తెమ్మను. పదకొండు లోపల తీసుకుపోకపోతే పడ్డ కష్టమంతా మట్టిపాలవుతుంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

"గట్లనే అమ్మా. నువ్వు ధైర్నం ఇడువకు," అన్నాడు బిక్షం. ఎందుకు అంత మెత్తగా అన్నాడో ఆలోచించే తీరిక రాహేలుకు లేదు. వెనక నిలబడ్డ పెద్దమనిషి ఫోను కోసం అప్పటికే రెండుసార్లు దగ్గాడు.

బిక్షం తిన్నగా సూపరింటెండెంట్ శాంసన్‌గారి బల్ల దగ్గరికి వెళ్ళాడు. శాంసన్‌గారు కృష్ణాజిల్లా మనిషి, తార్నాక చర్చిలో సమాధుల తోట కమిటీకి కార్యదర్శి. ఫైలు కదపమంటే నడుం నొప్పి అనే మనిషికి, చావుకబురు వింటే మాత్రం ఎక్కడలేని ఓపికా వచ్చేది.

"సార్, సుందర్‌రావ్ సార్ ఇంటికాడికెళ్ళి ఫోనొచ్చింది. పెద్దమ్మ నిద్రవోయిందట."

శాంసన్‌గారు కళ్ళజోడు తీశారు. "నిద్రపోయిందా, నిద్రించిందా? సరిగ్గా ఏమన్నారు?"

"రెంటికీ ఫరక్ ఏంది సార్?"

"చాలా ఉందయ్యా. మావాళ్ళలో నిద్రపోతే పొద్దున లేస్తారు. నిద్రిస్తే, అంటే పోతే, పునరుత్థాన దినానే లేచేది."

బిక్షం ఆలోచించాడు. "ఎంత లేపినా లేస్తలేదనే అన్నది సార్. స్పిరిట్, దూది తెమ్మన్నది. పెట్టె ఇంటికే తెమ్మన్నది. ఇంకేందో మట్టి అన్నది. పదకొండు లోపల తీస్కపోవాల్నంట."

దూది ఎందుకో, పెట్టె ఎందుకో శాంసన్‌గారికి ఒకరు చెప్పాలా. నెలకో ఆదివారం తార్నాక చర్చికి వచ్చి సాక్ష్యం చెప్పేటప్పుడల్లా, "ఇదే నా ఆఖరి ఆదివారం కావచ్చు," అని మార్తమ్మగారు కొన్నేళ్ళుగా హెచ్చరిస్తూనే ఉన్నారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్న మాట కూడా నిజమే. "పాపం, చెబుతూనే ఉంది మహాతల్లి. మనమే పట్టించుకోలేదు," అని ఆయన రుమాలు తీశారు. "సుందరరావుకు కబురందిందా?"

"పొద్దుగాల్నే పర్మిషన్ వెట్టి పెట్టె కోసం పోయిండు గద సార్."

"అయితే తెలిసే వెళ్ళాడన్నమాట. మనతో ఒక్క ముక్క చెప్పకుండా గుండెలో దాచుకున్నాడయ్యా," అన్నారు శాంసన్‌గారు. సెక్షన్ మొత్తం సుందరరావు గుండె నిబ్బరాన్ని మెచ్చుకుంది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. పాస్టరుగారికి ఫోను, వ్యాన్‌కు ఫోను, పూలదండకు ఒక మనిషి. ఆ రోజుకు సెక్షన్‌కు సంతాప సెలవు. సుందరరావు భార్య ప్రదర్శనకు బొమ్మ తెస్తానందని గుర్తొచ్చి, శాంసన్‌గారు నిరోష మేడంకు కూడా ఫోన్ చేశారు. "ఆవిడ ఇవాళ రాలేరమ్మా, ఇంట్లో దుఃఖం. ఆ టేబుల్ ఇంకెవరికైనా ఇచ్చేయండి," అని అడగని సాయం చేసి పెట్టారు. చివరికి మల్కాజ్‌గిరిలో మార్తమ్మగారి పక్కింటివాళ్ళ నంబరు సంపాదించి, అక్కడా చెప్పారు. ఆ లైన్లో ఒకటే గరగర. "రాహేలు వాళ్ళ పెద్దమ్మ" అన్న మాట ఆ గరగరలో కొట్టుకుపోయింది. "తార్నాకలో, రాహేలు ఇంట్లో, నిద్రించింది, వెంటనే రండి" అన్నవి మాత్రం క్షేమంగా చేరాయి. పక్కింటావిడ వెళ్ళి తలుపు కొట్టింది. తలుపు తీసింది మార్తమ్మగారే.

ఇక్కడ తార్నాకలో రాహేలు గుమ్మంలో నిలబడి వీధి చివరికంటా చూసీ చూసీ కళ్ళు కాయలు కాయించుకుంది. మొగుడు రాడు, స్పిరిట్ రాదు. గడియారం మాత్రం ఆగడం లేదు. ఇక లాభం లేదని బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి, దుమ్ము పడకుండా తెల్లదుప్పటి కప్పి, కింది వాటాలో ఉన్న ఇంటి ఓనరు లచ్చమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, లోపల పెద్దమ్మ ఉంది. ఎవరూ ముట్టుకోకుండా కొంచెం చూస్తూ ఉండండి. నేను స్పిరిట్ తెచ్చుకుంటా," అని కళ్ళనీళ్ళ పర్యంతమై చెప్పి, మందుల షాపు వైపు పరుగెత్తింది.

పెద్దమ్మ ఎప్పుడొచ్చిందో తనకు తెలియనే తెలియదే అని లచ్చమ్మ అనుకునేలోపే వ్యాన్ వచ్చి ఆగింది. పాస్టరుగారు దిగారు, శాంసన్‌గారు దిగారు, పూలదండ దిగింది. సెక్షన్‌వాళ్ళూ చర్చివాళ్ళూ కలిసి పాతికమంది. సంగతి విని లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గందుకేనా, ఆ పిల్ల మొఖం గట్ల మాడిపోయి ఉండె," అంటూ పైకి తీసుకెళ్ళి గడియ తీసింది.

ఇంటివాళ్ళు రాకుండా దుప్పటి తీయడం మర్యాద కాదని అందరూ చుట్టూ నిలబడ్డారు. పాస్టరుగారు మోకరించారు. ఆయన్ని చూసి శాంసన్‌గారూ, తక్కినవాళ్ళూ మోకరించారు. ప్రార్థన చాలాసేపు సాగింది. మధ్యలో లచ్చమ్మ ఒక కన్ను తెరిచి బల్ల వైపు చూసింది.

"సారూ, మొన్న ఐతారం నాకన్న జానెడు ఎత్తుండె గద. గింత చిన్నగ ఎట్లయింది?" అని గుసగుసగా అడిగింది.

"ముసలితనంలో మనిషి కుంచించుకుపోతారమ్మా," అన్నారు శాంసన్‌గారు కళ్ళు తెరవకుండానే.

"వారంల గింతగనమా," అని లచ్చమ్మ తన వయసు లెక్కపెట్టుకుని కొంచెం భయపడింది.

ప్రార్థన ముగిసి అందరూ మెట్లు దిగుతుండగా కింద ఆటో ఆగింది. చేతుల్లో పెట్టెతో సుందరరావు దిగాడు. ఇంటి ముందు వ్యాను, వాకిలినిండా చెప్పులు, గోడకు ఆనించిన పూలదండ, మెట్లు దిగి వస్తున్న పాస్టరుగారు. ఇంట్లో తను వదిలి వెళ్ళింది ఒక్క మనిషినే. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. అలా దారి ఇవ్వడం చూశాక ఆయనకు ఉన్న కాస్త ఆశా పోయింది.

"ఎప్పుడు?" అన్నాడు.

"పొద్దున్నేనట. నిద్రలోనే," అన్నారు శాంసన్‌గారు ఆయన భుజం పట్టుకుని.

"పొద్దున నాకు ఉప్మా చేసి పెట్టిందండీ."

"చూశారా, ఆ వయసులో కూడా," అని శాంసన్‌గారు పాస్టరుగారి వైపు తిరిగారు.

"ఏం వయసండీ. ఇంకా నలభై నిండలేదు," అని సుందరరావు బావురుమన్నాడు.

జనం మొహమొహాలు చూసుకున్నారు. దుఃఖంలో మనిషికి మతి తప్పడం మామూలే అని సరిపెట్టుకున్నారు. శాంసన్‌గారి చూపు ఆయన చేతుల్లోని పెట్టె మీద పడింది. అద్దం మూత, ఇత్తడి పిడులు, రెండున్నర అడుగులు.

"పెట్టె మరీ చిన్నదైపోయింది సుందరరావ్. కొలత ఎవరిచ్చారు?"

"తనే ఇచ్చిందండీ. దగ్గర కూర్చుని తన చేత్తోనే కొలిచి ఇచ్చింది," అన్నాడు సుందరరావు. అంటూనే పెట్టెను వాటేసుకుని మెట్ల మీద కూలబడ్డాడు. ఆ ముందుచూపుకు చర్చివాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు ఏడ్చారు.

ఇంకో ఆటో వచ్చింది. తెల్లచీర, పొడుగు చేతుల జాకెట్టు, చంకలో నల్లగొడుగు. మార్తమ్మగారు దిగారు.

లచ్చమ్మ చేతిలో మంచినీళ్ళ చెంబు జారి మెట్లన్నీ దొర్లుకుంటూ వెళ్ళింది. శాంసన్‌గారు గోడను పట్టుకున్నారు. ప్రతి ఈస్టరుకూ పునరుత్థానం గురించి గంటసేపు చెప్పే పాస్టరుగారు రెండడుగులు వెనక్కి వేశారు. బిక్షం ఒక్కడే ఆవిడ పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో వంగి చూశాడు.

మార్తమ్మగారు వీళ్ళెవర్నీ చూడలేదు. "రాహేలు ఏది? నా పిల్లకేమైంది?" అంటూ వచ్చి సుందరరావు ముందు నిలబడ్డారు.

"పెద్దమ్మగారూ, రాహేలు మనకిక లేదండీ," అన్నాడు సుందరరావు.

ఆవిడ చంకలోని గొడుగు జారి నేలమీద పడింది. అల్లుడి పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయారు. బెత్తం పట్టుకుని ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని ఏడిపించిన మనిషి, నలుగురిలో ఏడవడం అక్కడెవరూ చూసి ఎరగరు. "నేను పెంచిన పిల్ల నాకంటే ముందు పోవడమేంటి అల్లుడూ. దేవుడికి లెక్కలు రావా?" అన్నారు.

"కొంచెం జరగండి, కొంచెం దారి ఇవ్వండి," అంటూ వెనక నుంచి ఆయాసపడుతూ ఒక మనిషి జనంలోంచి దూరి వచ్చింది. ఒక చేతిలో స్పిరిట్ సీసా, ఇంకో చేతిలో దూది పొట్లం. ఇన్ని ఇళ్ళుండగా తన ఇంటి ముందే ఇంతమంది ఎందుకున్నారో రాహేలుకు అర్థం కాలేదు. మొగుడు పెట్టెను కౌగిలించుకుని ఏడుస్తున్నాడు. పక్కన పెద్దమ్మ. అసలు పెద్దమ్మ. రాహేలుకు అర్థమైంది ఒక్కటే, బొమ్మ సంగతి బయటపడిపోయింది. స్పిరిట్ సీసా కొంగు చాటున దాచుకుంది.

పోయిందనుకున్న ఇద్దరూ గుమ్మం ముందు ఎదురెదురుగా ఉన్నారు. సుందరరావు భార్యను తల నుంచి పాదాల దాకా తడిమి చూసి మళ్ళీ ఏడవడం మొదలుపెట్టాడు. మార్తమ్మగారు లేచి, పిల్లను గుండెకు హత్తుకుని, వెంటనే వీపు మీద ఒక్కటిచ్చి, మళ్ళీ హత్తుకున్నారు.

"సార్, మరి లోపట ఉన్నదెవరు?" అన్నాడు బిక్షం.

అందరూ పైకి నడిచారు. రాహేలుకు ఒక్కో మెట్టూ కొండెక్కినట్టయింది. "పెద్దమ్మా, నువ్వు లోపలికి రావద్దు," అని అడ్డం పడబోయింది గానీ, మార్తమ్మగారు ఒకరు వద్దంటే ఆగే రకం కాదు. వెళ్ళి దుప్పటి లాగేశారు. తెల్లచీరలో, కళ్ళు మూసుకుని, ముక్కు పైకెత్తి, ఆవిడే పడుకుని ఉన్నారు.

ఆవిడ చాలాసేపు చూశారు. రాహేలుకు ఐదో తరగతి నాటి పొయ్యి, అందులోని మంట కళ్ళకు కట్టాయి.

"ఎవరు చేశారు?"

"నేనే పెద్దమ్మా."

"ఆ జుట్టు?"

"నీదే. నువ్వు తల దువ్వుకున్నాక దువ్వెనలో మిగిలింది దాచాను."

"నా ముక్కు ఇంత లావుంటుందా?"

లచ్చమ్మ అటూ ఇటూ మార్చి మార్చి చూసి, "జరంత తక్కువనే వెట్టింది," అన్నది.

రాహేలుకు ఏడుపు ఆగలేదు. "తప్పయిపోయింది పెద్దమ్మా. విగ్రహాలు చేయకూడదని నువ్వు చెప్పింది మర్చిపోలేదు. నా గుడ్డబొమ్మను పొయ్యిలో పెట్టింది కూడా మర్చిపోలేదు. అయినా చెయ్యి ఊరుకోలేదు. నువ్వొచ్చినప్పుడల్లా మంచం కింద దాచి ఛస్తున్నాను."

మార్తమ్మగారు నొసలు ముడిచి గుర్తుచేసుకున్నారు. "గుడ్డబొమ్మా? అదా. ఆ పరీక్షలో నీకు లెక్కల్లో పద్నాలుగొచ్చినయ్యే. పుస్తకం మూసిపెట్టి బొమ్మకు జడలేస్తా కూర్చునేదానివి. చదువుకోవే అని నేను చెబితే వినలేదు. దేవుడు చెప్పాడంటే వింటావని అట్లా అన్నాను."

"మరి ఆజ్ఞ?"

"ఆజ్ఞ ఆజ్ఞే. దండం పెట్టుకోవడానికి చేయకూడదు. దీని ముందు మోకరించే తెలివితక్కువ వాళ్ళెవరుంటారు?"

పాస్టరుగారూ శాంసన్‌గారూ చప్పుడు కాకుండా మోకాళ్ళ మీది దుమ్ము దులుపుకున్నారు.

ఇన్నేళ్ళ భయం అంత తేలిగ్గా పోయేసరికి రాహేలుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలో గడియారం కనిపించింది. పదకొండు దాటిపోయింది. ప్రదర్శన, కమిటీ, టీచరు ఉద్యోగం అన్నీ పెద్దమ్మకు గబగబా చెప్పేసింది. శాంసన్‌గారు గొంతు సవరించుకుని, "మీ పెద్దమ్మగారే పోయారనుకుని, ఆ టేబుల్ ఇంకెవరికైనా ఇచ్చేయమని నేనే ఫోన్ చేశానమ్మా. మంచికే పోయాను," అని నేల చూపులు చూశారు. రాహేలు బల్ల పట్టుకుని కూలబడింది.

"లే," అన్నారు మార్తమ్మగారు. "పిల్ల ఇన్నాళ్ళకు టీచరవుతానంటే, మీ ఫోనుకు ఆగుతామా? నన్ను సాగనంపడానికి పెట్టె వచ్చింది, వ్యాను వచ్చింది, ఇంతమంది వచ్చారు. ఇంత ఏర్పాటు ఊరికే పోనిస్తారా ఎవరైనా. ఎక్కండి అందరూ."

వ్యాన్ యూనివర్సిటీ గేటు దాటేవరకూ రాహేలు బొమ్మ రెప్పల మీద స్పిరిట్ దూదితో రుద్దుతూనే ఉంది. ఆ కంపుకు పాస్టరుగారు కిటికీలోంచి తల బయట పెట్టుకున్నారు. రెప్పలు మాత్రం కదల్లేదు.

గృహవిజ్ఞాన విభాగం హాల్లోకి వీళ్ళు నడిచి వెళ్ళిన తీరు చూసి తీరాల్సిందే. అలవాటు చొప్పున శాంసన్‌గారు చేతులు కట్టుకుని ముందు నడిచారు. పాస్టరుగారు ఆయన వెనక. తరవాత అద్దం పెట్టె, దానికి ఒక కొస సుందరరావు, ఇంకో కొస బిక్షం. ఎవరు తెమ్మన్నారో గానీ పూలదండ కూడా వచ్చింది. హాల్లో పిల్లలు లేచి నిలబడ్డారు. వాళ్ళను చూసి కమిటీవాళ్ళూ లేచి తల వంచారు. నిరోష మేడం ఎదురొచ్చింది.

"వెరీ సారీ రాహేల్‌గారూ. గిట్లాంటి టైమ్‌ల మీరు రావాల్సింది కాదు," అంటూ అద్దంలోంచి చూసి, "పాపం, ఎంత ప్రశాంతంగ ఉన్నరు," అన్నది. తల ఎత్తేసరికి ఎదురుగా అదే మొహం గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. నిరోష మేడం పక్కనున్న టేబుల్ గట్టిగా పట్టుకుంది.

"నేను మనిషిని. అది బొమ్మ. మా పిల్లే చేసింది," అని మార్తమ్మగారు ఓపిగ్గా విడదీసి చెప్పారు.

కమిటీవాళ్ళు పెట్టె చుట్టూ మూగారు. లేసు ముట్టుకుని చూశారు, జుట్టు చూశారు, మార్తమ్మగారి ముక్కూ బొమ్మ ముక్కూ చూశారు. అందులో ఒకావిడ, "పాత బొమ్మల మాదిరి కళ్ళు తెరుస్తుందన్నారు కదా. ఏదీ?" అన్నది.

రాహేలు బొమ్మను లేపి నిలబెట్టింది. కళ్ళు తెరవలేదు. మెల్లిగా ఊపింది. తెరవలేదు. హాల్లో ఎవరో సన్నగా దగ్గారు. రాహేలు పెదవి కొరుక్కుని పెద్దమ్మ వైపు చూసింది. చిన్నప్పుడు ఎక్కం మధ్యలో మర్చిపోయినప్పుడు కూడా అలాగే చూసేది. మార్తమ్మగారు ముందుకొచ్చి, క్లాసులో కునికే పిల్లల్ని ముప్ఫై ఏళ్ళు లేపిన పద్ధతిలో, గొడుగు పిడితో బొమ్మ వీపు మీద ఒక్కటి వేశారు.

"లేవే. నలుగురూ వచ్చారు."

టక్కుమని కళ్ళు తెరుచుకున్నాయి.

బిక్షం పెట్టె కొస వదిలేసి శాంసన్‌గారి చెవి దగ్గరికి వంగాడు. "సార్, మీరు చెప్పిన గా దినం ఇయ్యాల్నేనా?"

కమిటీవాళ్ళు తమలో తాము మాట్లాడుకున్నారు. నిరోష మేడం కళ్ళజోడు తుడుచుకుని, "బొమ్మలు చానా చూసిన గని, పాతికమందిని ఏడిపిచ్చుకుంట వచ్చిన బొమ్మను చూడలే. సోమవారం నుంచి వచ్చి మా పిల్లలకు నేర్పియ్యండి మేడం," అన్నది. మార్తమ్మగారు బొమ్మను పైనుంచి కిందికి పరీక్షగా చూసి, అందరికీ వినపడేటట్టు అన్నారు.

"టీచరమ్మా, ఆ కుచ్చిళ్ళు సరిచెయ్యి. నేనెప్పుడూ అంత ఎత్తుగా కట్టలేదు."

రాహేలు వంగి కుచ్చిళ్ళు సర్దుతూ చాలాసేపు తల ఎత్తలేదు.

సంతాపానికి ఇచ్చిన సెలవును సెక్షన్‌లో ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. బిక్షం మాత్రం ఆ రోజు నుంచి, ఎవరింటి నుంచి ఫోనొచ్చి ఎవరు పడుకున్నారని చెప్పినా, మళ్ళీ ఎన్నింటికి లేస్తారో కనుక్కున్నాకే ఫోను పెడుతున్నాడు.